గంటసేపు నిలిచే బ్యాటరీ

కరెంటు పోయినప్పుడే గంగాధర్‌కు చెయ్యి లేస్తుందనీ, తక్కిన వేళల్లో అంతటి నెమ్మదస్తుడు బండారులంకలోనే లేడనీ అతని అత్తవారింట అందరి నమ్మకం.

"అయిదు వందల వీఏ యూపీఎస్ చాలండి," అన్నాడు జీవన్, అమలాపురంలోని తన కంప్యూటర్ల దుకాణంలో లెక్క కట్టి. "సీపీయూ, మానిటరు కలిపి రెండు వందల వాట్లు. పది నిమిషాలు వస్తుంది. గీసింది సేవ్ చేసి ఆపుకోవచ్చు."

"పది నిమిషాలు కాదండి, గంట కావాలి," అంది గంగాధర్ భార్య భవానీదేవి. కమిలిన ఎడమ చెవి మీదికి పైట లాక్కుంది.

"గంటెందుకమ్మా?"

"ఈ ఎండాకాలం రోజూ రెండింటికి కరెంటు తీసి మూడింటికి ఇస్తున్నారండి. ఆ గంటా ఆయన కుర్చీలోంచి లేవకూడదండి."

వెంట వచ్చిన ఆమె అన్న సూరిబాబు అందుకున్నాడు. "మా బావగారు చీరల అంచులకి డిజైన్లు గీస్తారండి. పొద్దుట్నించీ గీసింది ఎగిరిపోతే ఎవరికి మాత్రం మండదండీ? మనిషి బంగారం. పోయినసారి దీనికి రెండు పళ్ళు ఊడేయంటే, తప్పంతా ఆ కరెంటోళ్ళదండి. పెద్ద నంబరుదే ఇచ్చెయ్యండి, వెయ్యి వీఏ."

జీవన్ తల అడ్డంగా ఊపాడు. "ఎంత బరువు మొయ్యగలదో చెబుతుందండి ఆ నంబరు. ఎంతసేపు మోస్తుందన్నది బ్యాటరీని బట్టి. ఈ అయిదు వందలదానికే బయట అరవై అయిదు ఆంపియర్లది తగిలిద్దాం. లారీకి వేసేంత ఉంటుంది మరి."

"ఉండనివ్వండి," అందామె.

"పదిహేను రోజులకోసారి బ్యాటరీ నీళ్ళు పొయ్యాలమ్మా. మరిచిపోతే గంట కాస్తా అరగంటవుతుంది."

"మరిచిపోనండి," అంది భవానీదేవి.

ఇరవై మూడు రోజులు, రోజూ రెండింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర ఆగలేదు. గంగాధర్ చెమట తుడుచుకుంటూ గీస్తూనే ఉన్నాడు. భవానీదేవి ఆ గంటా వంటింటి గుమ్మంలో నిలబడి గడియారాన్నే చూసేది. మూడింటికి ఫ్యాను తిరగ్గానే అన్నం పెట్టుకునేది. చెవి మీద నలుపు తగ్గి, పసుపు పచ్చగా మారి, అదీ పోయింది.

ఇరవై నాలుగో రోజు సాయంత్రం సూరిబాబు దుకాణంలోకి వస్తూనే జీవన్ ముఖం మీద గుద్దాడు. కళ్ళజోడు పగిలింది. కింద పడ్డవాణ్ణి డొక్కలో రెండు తన్నులు తన్నాడు.

"దొంగసరుకు అంటగట్టేవు కదరా! మా చెల్లికి దవడెముక విరిగింది. ఆసుపత్రిలో ఉంది, మాట కూడా రావట్లేదు!"

జీవన్ ముక్కునుంచి కారుతున్న రక్తాన్ని చొక్కాతో అదుముకున్నాడు. "కొట్టింది నేనా అండి?"

"నీ డబ్బా ఆగబట్టే కదరా ఆయన లేచింది!"

"అయితే పదండి. డబ్బానే చూద్దాం."

బండారులంకలో గంగాధర్ బల్ల ముందే ఉన్నాడు. కుడిచేతి వేళ్ళకు తడిగుడ్డ చుట్టి ఉంది. ఎడమచేత్తో మౌసు కదుపుతున్నాడు. గుమ్మంలోనే సూరిబాబు చేతులు కట్టుకున్నాడు.

"మీరు లేవకండి బావగారూ. కాఫీ ఏవన్నా తాగేరా?"

"ఆయ్, తాగేను."

సూరిబాబు జీవన్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చెల్లి నీళ్ళు పొయ్యడం మానేసుంటుంది. దానికి మతిమరుపు."

జీవన్ బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. ఆరింటిలోనూ నీళ్ళు గీత దాకా ఉన్నాయి. తీగలు లాగి చూశాడు, బిగువుగా ఉన్నాయి. తర్వాత గోడకున్న ప్లగ్గు పీకేశాడు. తెరమీది నెమలి అంచు చెదరలేదు. ముగ్గురూ అలాగే కూర్చున్నారు. బ్యాటరీ గంటా ఏడు నిమిషాలు నిలిచింది.

"మరి మధ్యాహ్నం ఎందుకు ఆగిందిరా?" అని సూరిబాబు మళ్ళీ పిడికిలి ఎత్తాడు.

జీవన్ ఆ ఇంటి ఫోను తీసి సబ్‌స్టేషన్‌కు చేశాడు. ఇవాళ ఈ ఊరి లైను ఎన్నింటికి తీశారో, ఎన్నింటికి ఇచ్చారో రిజిస్టరు చూసి చెప్పమని అడిగాడు. అవతలి మనిషి కాగితాలు తిప్పాడు. జీవన్ విని, ఫోనును సూరిబాబు చెవికి ఆనించాడు.

ఆ రోజు బండారులంకలో కరెంటు పోలేదు.