గోడ అవతలికి కార్డు

నా రాత వంకర. ఊరి బడి చదువే కాబట్టి తప్పులు కూడా ఉంటాయి, సర్దుకుని చదవాలి.

ఊరి పెద్దల కమిటీ మాటకు ఎదురు చెప్పానని ఊరు మా ఇంటిని వెలి వేసింది. మాతో మాట్లాడితే జుర్మానా. ఫోన్లో ఊరి గ్రూపుకూ అదే కట్టుబాటు. అందులో అందరి ముచ్చట్లూ నాకు కనిపిస్తాయి, నాకు మాత్రం ఎవరూ పలకరు.

నిన్న అందులో ఇలా పెట్టాను: "మాకు మనవరాలు పుట్టింది. పున్నం నాడు తొట్టెలల ఏసి పేరు పెడుతున్నం. అందరు రావాలె."

నా భార్య అనసూర్య ఫోన్లోకి తొంగి చూసింది. "చూసిండ్రా?"

"ఊరంత చూసింది. పేర్లు కనవడుతున్నయ్."

"ఒక్కలన్న మంచిదనలే?"

"అనలే."

"గింత ఊళ్లె ఒక్కలకన్న ఏలు లేదా, ఒత్తుతందుకు?"

అప్పుడే నా మాట కింద ఎర్ర గుండె గుర్తు పడింది.

"ఎవలిది, ఎవలిది?" అంది.

పేరు చూశాను. ఇంకొకరి కంట పడకముందే నేను పెట్టినదంతా తుడిచేశాను.

"గదొక్కటే వచ్చె. గదీ తీస్తివా? తిక్కనా నీకు?"

"ఉంచితె ఆ ఇంటిని గుడ వెలేస్తరే."

తమ్ముడూ, ఆ పేరు నీది. మీ వదినకు ఇంకా చెప్పలేదు. తెలిస్తే మన నడిమి గోడ పట్టుకుని ఏడుస్తుంది, నలుగురూ వింటారు. అందుకే లక్సెట్టిపేట పోయి ఈ కార్డు డబ్బాలో వేస్తున్నాను. గ్రూపులో మళ్లీ ఏమీ ఒత్తకు. పాపకు ఏం పేరు పెట్టమంటావో పోస్టులోనే జల్ది రాయి.