పలకని బండి

"వద్దండీ, వద్దు! నేను చూసుకుంటాను!" అని పెళ్లికొడుకు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తూనే ఉన్నాడు. వెనక నుంచి కారు తోసేవాళ్లు వింటేనా!

"మొహమాటం దేనికి తమ్ముడూ, మెకానిక్ షెడ్డు పక్కనే ఉంది" అన్నాడు ఒకడు.

"ఈ మేస్త్రీ చెయ్యి పడిందంటే చచ్చిన బండి లేచి కూర్చుంటుంది" అన్నాడు ఇంకొకడు.

ఆ సంగతి పెళ్లికొడుక్కి తెలుసు. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని ముడుచుకుపోయిన పెళ్లికూతురికి ఇంకా బాగా తెలుసు. ఆ మేస్త్రీ ఆమె కన్నతండ్రి. "నాన్న ఒప్పుకోడు. అడిగి కాదనిపించుకోవడం కంటే పెళ్లి చేసుకుని కాళ్ల మీద పడదాం" అని ఆమే పట్టుబట్టింది. వాళ్ల పెళ్లి నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద నెలగా అందరికీ కనిపిస్తూనే ఉంది. పన్నెండు కొట్టేలోపు రిజిస్ట్రార్ ముందు ఉండాలి. ఆ తర్వాత ఆయన సెలవు మీద వెళ్లిపోతాడు, మళ్లీ తేదీ ఎప్పటికో! స్నేహితుణ్ని బతిమాలి తెచ్చుకున్న పాత కారు కాస్తా సిగ్నల్ దగ్గర ఆగి, ఇక లేవనని మొండికేసింది. ఎలాగూ తోస్తున్నారు కదా, గేరులో వేసి క్లచ్ వదిలి చూద్దామన్న ఆలోచన అతనికి వచ్చేసరికి బండి షెడ్డులో ఉంది.

మేస్త్రీ ఎదురొచ్చాడు. పెళ్లికొడుకు అతణ్ని దగ్గరగా చూడడం అదే మొదలు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద నూనె మరకల కోటు తొడుక్కుని ఉన్నాడు. కారును చూడగానే మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఇలాంటి బండి మీద చెయ్యేసి ఎన్నాళ్లయింది! ఏంటి బాబూ దీని బాధ? వెనక ఎవరు?"

"మా... మా అమ్మమ్మండీ. చలిజ్వరం. ఆస్పత్రికి తీసుకెళ్తున్నా."

"అయ్యో, పెద్దావిడా! వేరే బండి మాట్లాడనా?"

"వద్దు వద్దు! ఆవిడ కదల్లేరు!"

"సరే అయితే. భయపడకండమ్మా, చిటికెలో పంపించేస్తా" అని మేస్త్రీ దుప్పటికి ధైర్యం చెప్పాడు. దుప్పటి గజగజా వణికింది.

"తాళం తిప్పు బాబూ."

టక్. అంతే.

"లైట్లు వేసి తిప్పు."

లైట్లు నీరసపడిపోయాయి. మళ్లీ టక్.

"హారన్ కొట్టు."

హారన్ పిల్లికూనలా మూలిగింది.

మేస్త్రీకి ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. లోపలి నుంచి ఇంకో బ్యాటరీ మోసుకొచ్చి తగిలించాడు. టక్. బ్యాటరీ టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లు పోసి కడిగి, గీకి, బిగించాడు. టక్. కిందికి దూరి, ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారుకు రెంచితో రెండు మొట్టికాయలు వేశాడు. టక్. ప్రతిసారీ పెళ్లికొడుక్కి ప్రాణం లేచివచ్చి, మళ్లీ ఉసూరుమంటోంది.

ఈ మధ్యలో మేస్త్రీ ఫోను ఒకటే మోత. "ఆఁ, ఇక్కడే ఉంది. ఎంత చేసినా పలకట్లేదు... నువ్వు ఆగు, పలికించిగాని రాను" అంటూ పెట్టేస్తున్నాడు. ఎవరో తొందరపెడుతున్నారు, పాపం ఆయన పనులు ఆయనకీ ఉంటాయి కదా అనుకున్నాడు పెళ్లికొడుకు.

దుప్పటి కింద పెళ్లికూతురు ఉడికిపోతోంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ షెడ్డులో ఆమె విన్న మంత్రం ఒక్కటే, "ముందు ఎర్త్ చూడండ్రా!" బ్యాటరీ నుంచి బండి బాడీకి వెళ్లే ఆ ఒక్క తీగ వదులైతే, ఎంత కరెంటున్నా బూడిదలో పోసిన పన్నీరే. పనివాళ్లకు అన్నేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరిన మనిషి, ఈవేళ బండి అంతా తిరుగుతున్నాడు గాని ఎర్త్ జోలికి పోడేం!

"లాభం లేదు బాబూ" అన్నాడు మేస్త్రీ పానా అందుకుంటూ. "సెల్ఫ్ దింపాల్సిందే. సాయంత్రం దాకా పడుతుంది."

పెళ్లికొడుకు గోడ గడియారం చూసి తల పట్టుకున్నాడు. మేస్త్రీ బండి కిందికి వంగబోయాడు.

"ఎర్త్ చూశావా నాన్నా!"

అరిచింది దుప్పటి. అరిచాక నాలుక కరుచుకుంది గాని ఏం లాభం, పెదవి దాటిన మాట పృథివి దాటుతుంది.

మేస్త్రీ పానా పట్టుకుని లేచాడు, గుడ్డతో నింపాదిగా చేతులు తుడుచుకున్నాడు. తీగ బాడీకి కలిసే చోటికి చెయ్యి తిన్నగా పోనిచ్చి, తుప్పు గీకి, బోల్టు బిగించాడు. వెతుక్కోనైనా లేదు.

"ఇప్పుడు తిప్పు."

బండి ఒక్కసారిగా గర్జించింది! లైట్లు భగ్గుమన్నాయి. కంగారులో పెళ్లికొడుకు మోచెయ్యి తగిలి, వీధి దద్దరిల్లేలా హారన్ మోగింది. దుప్పటి జారిపోయింది.

"నాన్నా, అదీ... నీకు చెబుదామనే..." అని పెళ్లికూతురు ఏడ్చేసింది.

"ఎర్త్ వదులైందని తాళం మొదటిసారి తిప్పినప్పుడే తెలుసు తల్లీ" అన్నాడు మేస్త్రీ. "నువ్వెప్పటికి నోరు విప్పుతావో అని చూశాను."

కోటు విప్పి పక్కన పడేశాడు. తెల్లచొక్కా సర్దుకుని, ముందు సీట్లో కూర్చుని, తలుపు దడాలున వేశాడు.

"ఎ... ఎక్కడికండీ?" అన్నాడు పెళ్లికొడుకు. ఇంటికో, పోలీసుల దగ్గరికో తేలక అతనికి చెమటలు పట్టాయి.

మేస్త్రీ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమేవ్, పలికింది! బయల్దేరాం. మేం వచ్చేదాకా ఆ రిజిస్ట్రార్ గారిని మాత్రం కుర్చీలోంచి లేవనివ్వకు!"