బొటనవేలికి అంకె లేదు

ఎదురింటి మేడ మీది కిటికీలోంచి ముసలాయన మళ్లీ చెయ్యెత్తాడు.

బొటనవేలు అరచేతిలోకి మడిచి, మిగిలిన నాలుగు వేళ్లూ ఆడించాడు.

కుట్టుమిషను ముందున్న టైలరుకి ఒళ్లు మండింది.

"చూశావా పిచ్చుకా, నాలుగింటికల్లా ఆపేయమంటున్నాడు."

మనవరాలు వయొలిన్ దించింది. "మనం మొదలుపెట్టేదే నాలుగింటికి కదా తాతా?"

"అందుకే! అసలు మొదలే పెట్టొద్దని."

ఆ పిల్లకి ఎనిమిదేళ్లు. తల్లి పోయాక ఈ ఏడాదిలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

వయొలిన్ బడిది. నెల రోజులకే ఇస్తారు. శనివారానికి సరిగమలు వస్తే ఉంచుకోవచ్చు. రాకపోతే వరసలో ఉన్న ఇంకో పిల్లకి పోతుంది.

వేళ్లు ఎలా పెట్టాలో టీచరమ్మ ఒకసారి చూపించింది. ఒక్కసారికే అంటుకోడానికి అదేమన్నా జలుబా?

మిగతాది పుస్తకం చూసి తాతే నేర్పుతున్నాడు. ఆయనకి సంగీతం రాదు. అంకెలు వచ్చు. నలభై ఏళ్లుగా టేపు మీద చూస్తున్నవే.

పుస్తకంలో ఒక్కో తీగకీ 0, 1, 2, 3 అని వేసి ఉంది.

"సున్నా అంటే ఏ వేలూ పెట్టకూడదు. ఒకటంటే మొదటి వేలు." ఆయన చెయ్యి చాపి బొటనవేలు చూపించాడు. "ఇదిగో, ఒకటి."

"అది కింద పట్టుకుని ఉంది కదా తాతా. తీగ మీదికెలా వస్తుంది?"

"పట్టుకుంటే పెట్టినట్టే. చూపుడువేలు రెండు, మధ్యవేలు మూడు. ఊఁ, కానీ."

పిల్ల కానిచ్చింది. స, స, రి, గ.

మెట్లెక్కేవాడు మొదటి మెట్టు మీదే రెండుసార్లు అడుగేసినట్టుంది. 'మ' దాకా చేరనే లేదు.

"ఈ వయొలిన్‌లోనే ఏదో లోపముంది," అన్నాడు తాత.

ఆడలేక మద్దెల ఓడన్న మాట ఇలాంటివాళ్లని చూసే పుట్టింది.

ఎదుటి కిటికీలో బొటనవేలు మళ్లీ మడుచుకుంది. టైలరు లేచి తన కిటికీ రెక్కలు ధడాలున మూసేశాడు.

గురువారం ముసలాయన గుమ్మంలోకే వచ్చాడు. పొడుగాటి మనిషి. ఎడమ దవడ కింద నల్లటి మచ్చ. పిల్లని చూసి నవ్వి, చెయ్యెత్తబోయాడు.

"మళ్లీ అదేనా?" టైలరు కత్తెర బల్ల మీద పడేశాడు. "మా ఇల్లు, మా పిల్ల. అంత కష్టంగా ఉంటే చెవుల్లో దూది పెట్టుకోవయ్యా!"

ముసలాయన ఆ నోటివంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఓ మడత కాగితం తీసి, బల్ల మీద పెట్టి, తలూపి వెళ్లిపోయాడు.

"ఇంత తిట్టినా ఉలుకూ పలుకూ లేదు. మొండిఘటం."

"కాగితంలో ఏముంది తాతా?"

"ఏముంటుంది? ఫిర్యాదు."

విప్పకుండానే గుడ్డపేలికల బుట్టలోకి గిరాటేశాడు.

శుక్రవారం సాయంత్రానికీ స, స, రి, గ.

"రేపు ఇచ్చేద్దాంలే తాతా," అంది పిల్ల. ఏడవలేదు. ఏడ్చినా బాగుండునని ఆయనకనిపించింది.

ఇచ్చేముందు తుడుద్దామని పిల్ల మెత్తటి గుడ్డకోసం బుట్ట వెతికింది. పేలికల మధ్య కాగితం చేతికి తగిలింది. విప్పింది.

ఎడమచెయ్యి బొమ్మ. చూపుడువేలు మీద 1. మధ్యవేలు మీద 2. ఉంగరపువేలు మీద 3. చిటికెనవేలు మీద 4.

"తాతా, బొటనవేలికి అంకె లేదు!"

"లేకపోవడమేంటి? బరువంతా మోసేది అదేగా?" అంటూ కళ్లజోడు సవరించుకుని చూశాడు. నిజంగానే లేదు.

పిల్ల వయొలిన్ అందుకుంది. సున్నా, ఒకటి, రెండు, మూడు.

స, రి, గ, మ.

పక్క తీగ మీద మళ్లీ సున్నా, ఒకటి, రెండు, మూడు. ప, ద, ని, స.

మెట్లన్నీ ఎక్కేసింది. తాతవైపు తిరిగి, ఏడాది తర్వాత పళ్లు కనబడేలా నవ్వింది.

టైలరు చప్పున కిటికీ తెరిచాడు. ఎదుటి కిటికీ మూసి ఉంది.

శనివారం వయొలిన్ పిల్లకే దక్కింది. బడినుంచి తాతా మనవరాలూ నేరుగా ఎదురింటి మెట్లెక్కారు. ఏమని చెప్పాలో టైలరు దారంతా లోలోపల కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

గదికి తాళం.

ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆయనా, అన్నా? ఒంట్లో బాగోలేదని మేనల్లుడొచ్చి నిన్న పొద్దున్నే తీసుకుపోయాడు. ఇంక రాడు. గది ఖాళీ చేసేశారు."

"ఏ ఊరు?"

"చెప్పాడు గానీ, నాకు నోరు తిరిగితేగా."

టైలరు మెట్టు మీద చతికిలబడ్డాడు. "పిల్ల గోల భరించలేక చేతులు ఊపుతున్నాడనుకున్నానమ్మా. చెవుల్లో దూది పెట్టుకోమన్నాను."

ఇంటావిడ ఆయన్ని వింతగా చూసింది.

"గోలేంటన్నా? ముప్పై ఏళ్లు వయొలిన్ మీదే బతికిన మనిషి. నాలుగు కొట్టడం ఆలస్యం, 'ఆ పాప వాయించేది వినాలి' అంటూ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకునేవాడు, రెండు చెవులూ పోయి పదకొండేళ్లయినా."