పడవల కొట్టం ముందు

"అమ్మా, ఆ మంచు కాసేపు తవ్వకండి. ఫొటో తీసుకుంటాను," అన్నాను.

ఉత్తర నార్వే తీరం వెంట నడుస్తూ చెక్క కట్టడాల ఫొటోలు తీస్తున్నాను. కొట్టం నుంచి నీళ్లలోకి దిగే చెక్కల బాట మీద మంచు తవ్వుతున్న ఓస్లౌగ్ అనే ఆవిడ పార ఆపింది.

"రంగులొస్తాయా?"

"రావు. నలుపూ తెలుపే."

"ఇక్కడున్నవీ అవేగా."

ఆమె మరిది తోర్లైవ్ నన్ను పక్కకు పిలిచాడు.

"మా అన్న చలి మొదట్లోనే పడవతో సహా మునిగిపోయాడు. ఆయన వస్తే పడవ పైకి లాగాలని ఈవిడ రోజూ బాట తవ్వుతుంది. ఇంటి గుమ్మం ముందు మంచు మాత్రం నన్ను ముట్టనివ్వదు. అది అన్న పనట. కిటికీలోంచి దిగుతోంది. ఎన్నిసార్లు చెప్పినా ఆగని మనిషి నీ ఫొటో కోసం ఆగిందా?"

ఫొటో తీశాను.

"అయిందా?" అంది ఓస్లౌగ్.

"అయిందమ్మా."

మంచు మళ్లీ మొదలైంది. బాట మీద చెక్కలు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. ఆమె చూస్తూ నిలబడింది.

తోర్లైవ్ దగ్గరికెళ్లాడు. "పార ఇటివ్వు వదినా. ఇవాళ్టికి ఈ బాట నేను తవ్వుతాలే."

ఆమె పార ఇచ్చింది.

"ఇక్కడొద్దు. వెళ్లి గుమ్మం తవ్వు."