చప్పుడు చెయ్యని బంతి

"బోర్డు ఉన్నది దేనికిరా, అలంకారానికా?" అని కోచ్ వైదోతాస్ అరిచేసరికి స్కిర్మంతాస్ బంతిని పొట్టకు హత్తుకుని నిలబడిపోయాడు. పందొమ్మిదేళ్లవాడు, ఏ గుమ్మంలోనైనా వంగి దూరేంత పొడగరి. బాస్కెట్‌బాల్ క్లబ్బులో చేరి రెండు నెలలైంది. దూరం నుంచి వేస్తే బంతి వలను తప్ప దేన్నీ తాకదు. బుట్ట వెనకున్న బోర్డుకు కొడితే పసిపిల్లాడికైనా పడే చోట, సరిగ్గా బుట్ట కింద, తడబడతాడు. మూడు మ్యాచ్‌లు అలాగే పోయాయి.

"బోర్డుకు కొట్టాలంటే చెయ్యి రాదండీ" అన్నాడు నేలచూపులు చూస్తూ.

చెయ్యి రానివాడితో తనకు పనిలేదనీ, ఆదివారం ఇంటికొచ్చి పెద్దవాళ్ల ముందే తేల్చేస్తాననీ అన్నాడు కోచ్. పంపేస్తే స్కిర్మంతాస్‌కు ఊళ్లో కలప మిల్లే గతి.

ఆదివారం కోచ్ కారు స్కిర్మంతాస్ వాళ్ల పల్లె చేరేసరికి పొలాల మీద పొగమంచు ఇంకా విడలేదు. లిథువేనియాలో బుట్ట లేని పెరడు ఉండదు. ఇక్కడా కొట్టం పక్కన స్తంభానికి బుట్ట, బోర్డు. స్తంభం నెత్తిన మాత్రం ఒక బండి చక్రం, దాని మీద పుల్లల గూడు. కుర్రాడు బంతి వేస్తున్నాడు. వేసిన ప్రతి బంతీ మంచులోకి లేచి కనపడకుండా పోయి, నిద్రపోయేవాళ్ల మీద దుప్పటి కప్పినంత మెల్లగా వలలోంచి జారుతోంది. కోచ్ నలభై దాకా లెక్కపెట్టి మానేశాడు. వచ్చిన పని కాసేపు మరిచిపోయాడు.

అమ్మమ్మ బ్రోనె ఆయనకు వేడివేడి బంగాళదుంప అట్లు, పుల్ల మీగడ పెట్టింది. మీ మనవడు బోర్డు జోలికెందుకు పోడని అడిగితే, కిటికీలోంచి ఓసారి బయటికి చూసి గొంతు తగ్గించింది.

"తప్పు నాదే నాయనా. ఏడేళ్లప్పుడు రోజంతా ఆ చెక్కను ధనధనా బాదేవాడు. మధ్యాహ్నం కునుకు పట్టనిచ్చేవాడు కాదు. చక్రం ఎక్కించి పుల్లలు నేనే పేర్పించాను. కొంగ వాలిన ఇంటి మీద పిడుగు పడదు, చప్పుడైతే అది రాదురా అని చెప్పాను. పన్నెండేళ్లయింది, ఒక్క కొంగా రాలేదు. వాడు మాత్రం ఏటా కొంగలొచ్చే ఈ రోజుల్లో ఆకాశంకేసి చూస్తూనే ఉంటాడు."

నిజం చెప్పొచ్చుగా అన్నాడు కోచ్. నోరు రాలేదంది. వాడి ఆట నిలుస్తుందంటే మీరే చెప్పండి అంది, కళ్లొత్తుకుంటూ.

కోచ్ లేచాడు. గూడు ఉత్తదని తెలిస్తే చెయ్యి దానంతటదే బోర్డుకు పోతుంది. కుర్రాడి మీద జాలేసింది, కానీ చెప్పక తప్పదు. రిఫరీల మీద అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు సవరించుకుంటూ పెరట్లోకి నడిచాడు.

స్కిర్మంతాస్ ఒక వేలు పెదాల మీద పెట్టుకుని, రెండో చేత్తో పైకి చూపించాడు. మంచు కొద్దిగా విడింది. చక్రం మీద ఒంటికాలిపై కొంగ నిలబడి ఉంది.

కోచ్ టోపీ తీసేసి, మునివేళ్ల మీద నడిచి వచ్చి, కుర్రాడి చెవిలో గుసగుసగా అన్నాడు: "రేపు పదింటికి ప్రాక్టీసు... బోర్డు జోలికి మాత్రం పోకు."