పిట్టలకు అలవాటైన గొంతు

"హో... హో... పో పిట్టా! స్వర్ణా, జర నీళ్లు తే!"

తెల్లవారగానే చేను మధ్య మంచె మీది నుంచి యాదయ్య అరుపు మొదలైంది. గిజిగాళ్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. కంకుల మీద వాలి తాపీగా సజ్జలు ఒలుచుకు తింటున్నాయి.

స్వర్ణ కంచాన్ని గరిటెతో మోగిస్తూ గట్ల వెంట పరుగెత్తింది. ఈ మూల లేచినవి ఆ మూల వాలాయి. పానగల్ పక్కనున్న ఆ ఎకరమే ఆమెకూ ఇద్దరు పిల్లలకూ ఏడాది తిండి. ఇప్పటికే సగం కంకులు బోసిపోయాయి. గట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

తప్పు తనదే అనుకుంది. వానాకాలం మొదట్లో పసుపు తలల పోతుపిట్టలు బావి మీది తుమ్మకొమ్మలకు గూళ్లు అల్లుతుంటే ముచ్చటపడి చూసింది. పెట్టలు పెళ్లిచూపులకు వచ్చినట్టే వచ్చేవి. గూడు నచ్చకపోతే పాపం మగపిట్ట మళ్లీ మొదటి నుంచి అల్లాల్సిందే. గుడ్లు పెట్టకముందే దులిపెయ్యమని ఊరంతా చెప్పింది. ఆమెకు చేతులు రాలేదు. విత్తిన నాటి నుంచీ చేనంతా యాదయ్య గొంతు మోగుతూనే ఉంది. అది వింటూనే పిల్లలు గుడ్లలోంచి బయటపడ్డాయి, వింటూనే రెక్కలు తెచ్చుకున్నాయి. వాటికిక భయమెక్కడిది?

సంగతి తెలిసి మరిది లింగస్వామి నల్గొండ నుంచి బండి మీద వచ్చాడు.

"వదినె, అన్న గొంతు పిట్టలకు అలవాటైంది. జర బందు పెట్టు. నేనరుస్త."

"ఆయనను బందు పెట్టమంటవా? నోరెట్ల వచ్చింది నీకు?"

"నాకు మాత్రం బాధ కాదా? గీ చేను పోతే పోరగాండ్లు ఏం తింటరు?"

మంచె మీది నుంచి మళ్లీ వినబడింది. "స్వర్ణా, జర నీళ్లు తే!" ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోతుంది. ఈసారి కూడా ఆగింది.

"పగటిపూట నువ్వరువు," అంది చివరికి. "పొద్దుగూకంగ మళ్ల ఆయననే. గా ఒక్క మాట ఇనకుంటే నాకు ఇంటికి కాళ్లు రావు."

లింగస్వామి మంచె ఎక్కాడు. కాసేపటికి కొత్త కేక లేచింది. గిజిగాళ్లు గుంపుగా ఎగిరి, బావి దాటి, కనబడకుండా పోయాయి. మళ్లీ ఒక్కటి వాలితే ఒట్టు. చాలా రోజులకు స్వర్ణ ఆ మధ్యాహ్నం కడుపు నిండా తిన్నది.

పొద్దుగూకింది. ఆమె మంచె కిందికి వచ్చి నిలబడింది.

"ఇగ చాలు తమ్మీ. ఆయననే అరవనియ్యి."

లింగస్వామి మళ్లీ పైకెక్కాడు. ఎంతకీ అరుపు రాలేదు.

"ఏమైంది?" ఆమె మంచె గుంజ పట్టుకుని పైకి చూసింది.

పైన లింగస్వామి మైకు పెట్టె మీటలన్నీ నొక్కి నొక్కి చూశాడు గానీ, ఎండాకాలంలో చనిపోయిన అన్న నిరుడు అందులో నింపి పోయిన గొంతు, పొద్దున తన కేక నింపినప్పుడే చెరిగిపోయింది.