కడుపులో దాచుకున్నది

“ఇంట్లో పందిమాంసం ఎవరు తింటారు?” డాక్టరమ్మ అడిగింది.

“ఎవరూ తినరమ్మా. నాకైతే ఆ వాసనే పడదు,” అత్తగారు వెంటనే అంది.

కోడలు తల వంచుకుంది. ఆసుపత్రి మంచం మీద ఆమె ఆరేళ్ల కూతురు చిట్టి నిద్రపోతోంది. మొన్న బడిలో మూర్ఛ వచ్చి పడిపోయింది. స్కాన్ తీస్తే మెదడులో చిన్న తిత్తి కనిపించింది.

“ఇది బద్దెపురుగు గుడ్డు వల్ల వచ్చిన తిత్తి. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ల కడుపులో ఆ పురుగు పెరుగుతుంది. వాళ్లు చేతులు బాగా కడుక్కోకుండా అన్నం పెడితే, ఆ అన్నం తిన్నవాళ్ల ఒంట్లోకి దాని గుడ్లు పోతాయి. ఎవరి నుంచి వచ్చిందో తేలకపోతే మళ్లీ రావచ్చు. ఇంట్లో అందరూ మలపరీక్ష చేయించుకోండి.”

“ముసలిదాన్ని, నాకెందుకమ్మా?”

“అందరూ అంటే అందరూనండీ.”

డాక్టరమ్మ అటు వెళ్లగానే కోడలు అత్తగారి చేతులు పట్టుకుని బావురుమంది.

“నేనే అత్తయ్యా! కుట్టుమిషన్ల దగ్గర నాతో పనిచేసేవాళ్లు అలవాటు చేశారు. ఫ్యాక్టరీ గేటు ముందు బండి మీద పంది ముక్కలు కాల్చి అమ్ముతాడు. ఆయనకు కూడా చెప్పలేదు. నా బిడ్డకు నా చేత్తోనే...”

తిడుతుందనుకుంది. అత్తగారు కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

“ఊరుకో. ఈ మాట నీ కడుపులోనే ఉంచుకో. వాడికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. పిల్లకు మందులిస్తున్నారుగా, ఇంక మనకీ పరీక్షలూ గిరీక్షలూ ఎందుకు?”

ఇంత మంచి మనిషినా ఇన్నాళ్లూ చాటుగా ఆడిపోసుకున్నాను అనుకుని కోడలు సిగ్గుపడింది. అయినా పట్టు వదల్లేదు. సణుగుతున్న అత్తగారిదీ, భర్తదీ, తనదీ శాంపిళ్లు తనే తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇచ్చి వచ్చింది.

చిట్టి ఇంటికి వచ్చాక కోడలు వంటింటి గడప తొక్కలేదు. సబ్బుతో తోమి తోమి చేతులు పగిలిపోయాయి.

“అమ్మా, నువ్వు తినిపించు,” అని చిట్టి చేతులు చాచింది.

“నానమ్మ పెడుతుందిలే,” అంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

చిట్టి అలిగి గోడవైపు తిరిగి పడుకుంది. కోడలు స్నానాల గదిలోకి వెళ్లి, నీళ్లు వదిలి, ఏడుపు ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

వారం తిరక్కుండానే డాక్టరమ్మ ఫోన్ చేసింది.

“మీకేం లేదమ్మా. మీ ఆయనకీ ఏం లేదు.”

“మళ్లీ చూడండి మేడమ్. నాకే ఉంటుంది!”

“చూశాం. మీకు లేదు.”

కోడలు గోడకు జారగిలబడి కూర్చుంది. లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. “ఇంకొక్క ముద్ద, మా అమ్మ కదూ!”

“పాపకు ఇప్పుడు వండి పెడుతున్నది ఎవరు?” డాక్టరమ్మ అడిగింది.

“అంతా మా అత్తగారేనండీ. నేను భయపడి దాన్ని ముట్టుకోవడం కూడా మానేశాను.”



“ఆవిడకే ఉందమ్మా పురుగు.”